ముల్లు మీద రెండు గీతలు

కైలాసం పోయిన మూడో రోజు పొద్దున రాగులపేట వాగు ఒడ్డున విస్తరిలో పెట్టిన అన్నాన్ని ఏ పిట్టా ముట్టలేదు. అన్నం, కోడికూర, చిన్న గ్లాసులో కల్లు, ఆయనకు ఇష్టమైన బెల్లం చాయ్ వరుసగా పెట్టి అందరూ ఇరవై అడుగులు వెనక్కి జరిగి నిలబడ్డారు. ఎదురుగా తుమ్మచెట్టు మీద నాలుగు కాకులున్నాయి. అవి చూస్తున్నాయి కానీ దిగడం లేదు.

పోయిన మనిషి మనసులో ఏదో మిగిలిపోతేనే పిట్ట ముట్టదని అక్కడివాళ్ల నమ్మకం. ఆ మిగిలినదేమిటో తలా ఒకరు ఊహించి, తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి. కైలాసం తమ్ముడు మరమగ్గాలను ఎవరికీ అమ్మబోమని మాట ఇచ్చాడు. కైలాసం చెల్లెలు, అన్న కూతురి పెళ్లి తన చేతుల మీదుగానే జరిపిస్తానని ఇచ్చింది. కాకులు కదలలేదు. మే నెల ఎండ ముదిరి, నిలబడ్డవాళ్ల అరికాళ్లు ఇసుకలో కాలసాగాయి. అప్పుడు కైలాసం భార్య దేవవ్వ నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి రెండడుగులు ముందుకు వచ్చింది.

"ముల్లు నేనే జూసిన. తప్పు జూసిన. నా కండ్లు మోసం జేసినయి. కోపం పెట్టుకోకు, వచ్చి తిను."

ఒక కాకి దిగింది. కోడికూర ముక్కను ముక్కుతో అటూ ఇటూ తిప్పి, ఎత్తుకుపోయింది. దాని వెంట మిగతావీ దిగాయి. జనం ఊపిరి పీల్చుకున్నారు. వెనక నుంచి ఎవరో, ఇంకేం చెప్పాలె, ఆయనే చెప్పిండు గదా అన్నారు. ఆ క్షణాన రాగులపేట పద్మశాలి వాడకట్టు మొత్తానికి కైలాసం చావు ఎవరివల్ల జరిగిందో తేలిపోయింది.

కైలాసం కూతురు మమతారాణి తల్లికి మూడడుగుల వెనక నిలబడి ఉంది. ఆ పూటకు ఆమె కూడా అదే నమ్మింది. అక్షరం ముక్క రాని తల్లి ఒక గీత అటుగా, ఒక గీత ఇటుగా చూసి ఉంటుందని, పాపం ఆమె మాత్రం ఏం చేస్తుందని, లోలోపల తల్లిని క్షమించడం కూడా మొదలుపెట్టింది. తరువాతి రోజుల్లో ఆమెను అన్నిటికంటే ఎక్కువగా బాధించింది ఆ క్షమించడమే.

మమతారాణికి ముప్పై రెండేళ్లు. మెట్‌పల్లికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న రాగులపేటలో, నాలుగు మరమగ్గాల చప్పుడు నడుమ పుట్టి పెరిగింది. మగ్గాలు ఆగితేనే ఆ ఇంట్లో నిద్రపట్టేది కాదు. కైలాసం అయిదో తరగతితో బడి మానినవాడు. కానీ లెక్క అంటే ప్రాణం. నూలు చిక్కులు విప్పుతూ కూతురిని పక్కన కూచోబెట్టుకొని, గజం బట్టకు ఇన్ని పోగులైతే పదహారు గజాలకు ఎన్ని అని అడిగేవాడు. ఆ పిల్ల చెప్పేలోపు తానే చెప్పి, గెలిచానని నవ్వేవాడు. ఆమె ఎనిమిదో తరగతికి వచ్చాక మాత్రం ఓడిపోవడం నేర్చుకున్నాడు.

ఇంటర్ మొదటి ఏడాదిలో వాయు నియమాల దగ్గర మమతారాణి ఆగిపోయింది. పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత, సాంద్రత ఒకదాన్నొకటి తోసుకుంటూ సమీకరణంలో తిరుగుతుంటే ఏది పట్టుకోవాలో తెలిసేది కాదు. చెప్పే సారు నోట్సు రాయించేవాడే తప్ప విడమరిచేవాడు కాదు. చివరికి ఆమే తనకొక పద్ధతి తయారుచేసుకుంది. కాగితం మీద మూడు గళ్లు గీయడం. మొదటి గడిలో ఇచ్చినవి, రెండో గడిలో అడిగినవి, మూడో గడిలో మార్చవలసినవి. సెల్సియస్‌ను కెల్విన్‌గా మార్చడం, మిల్లీలీటర్లను లీటర్లుగా మార్చడం మూడో గడిలోకి పోతాయి. మూడు గళ్లూ నిండితే సమస్య సగం విడిపోయినట్టే. ఆ మూడు గళ్లే ఆమెను కోరుట్లలో డిగ్రీ, కరీంనగర్‌లో ఎమ్మెస్సీ దాటించాయి. ఆరేళ్లుగా జైనూర్‌లోని ఒక గిరిజన బాలికల గురుకుల కళాశాలలో కాంట్రాక్టు మీద కెమిస్ట్రీ చెప్తూ, ఆ మూడు గళ్లనే నల్లబల్ల మీద గీస్తోంది. మొదటి గడి నింపకుండా లెక్క మొదలుపెట్టిన పిల్లను ఆమె ఊరుకోదు. ఇచ్చినదాంట్లో ఒక్కటి వదిలినా లెక్క మీది కాదు, ఇంకెవరిదో చేస్తున్నారు అంటుంది.

ఆ లెక్కలకు ఒక అలవాటు ఉంది. ప్రశ్నలు తయారుచేసేవాళ్లు ఉష్ణోగ్రతను దాదాపు ఎప్పుడూ ఇరవై ఏడు డిగ్రీలే ఇస్తారు. దానికి రెండు వందల డెబ్బై మూడు కలిపితే సరిగ్గా మూడు వందలు వస్తుంది, భాగహారం సులువవుతుంది. ఇన్నేళ్లలో మమతారాణికి ఇరవై ఏడు అన్న అంకె కనబడగానే చెయ్యి తనంతట తానే మూడు వందలు వేసేది. ఉష్ణోగ్రత ఇవ్వకపోతే ఇరవై ఏడు అనుకోండి అని పిల్లలకు చెప్పేది. గడిచిన మార్చిలో ఒకనాడు రెండో వరుసలో కూచునే మడావి జంగుబాయి లేచి నిలబడి, మన జైనూర్‌ల ఇరవై ఏడు ఎప్పుడుంటది మేడమ్ అని అడిగింది. తరగతి గొల్లుమంది. ఇక్కడ ఉండదు, లెక్కలో ఉంటుంది, కూచో అని మమతారాణి కూడా నవ్వింది.

ఆ సమయానికి కైలాసం మంచం పట్టి ఏడాదిన్నర అయింది. ముప్పై అయిదేళ్లు నూలు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, కొత్తగా వచ్చేదేమీ లేదని, ఉన్నదాన్ని నిలుపుకోవడమే అని జగిత్యాలలో డాక్టరు చెప్పాడు. మమతారాణి కరెంటుతో నడిచే ఆక్సిజన్ యంత్రం కొనితెచ్చింది. కరెంటు పోయినప్పటి కోసం పది లీటర్ల సిలిండర్ ఒకటి తెప్పించింది. ఇల్లు రెండు గదులు. ఒకదాంట్లో మగ్గాలు, ఇంకోదాంట్లో మంచమూ పొయ్యీ. పొయ్యి దగ్గర సిలిండర్ ఉండకూడదని ఆమే దాన్ని బయట, పడమటి గోడకు ఆనించి, రేకు చూరు కింద పెట్టించింది.

సిలిండర్ మీటర్‌ను చదవడం తల్లికి నేర్పడం పెద్ద పనే అవుతుందనుకుంది. రెండు రోజుల్లో అయిపోయింది. దేవవ్వకు అంకెలు రావు కానీ గడియారం వచ్చు. మీటర్ గుండ్రంగా ఉంది, ముల్లు ఉంది, కాబట్టి అది ఆమెకు గడియారమే. ఏడు దగ్గర ముల్లు ఉంటే ఖాళీ, పన్నెండు దగ్గరుంటే సగం. ఇంకా సన్నగా చెప్పాలంటే గీతలు లెక్కపెట్టాలి. ఒక్కో గీతకు పీడనం అయిదు. పోగులు లెక్కపెట్టిన కళ్లకు గీతలొక లెక్కా అని కైలాసం భార్యను వెనకేసుకొచ్చాడు. దేవవ్వ మీటర్ మీది దుమ్ము కొంగుతో తుడిచింది. ఆ రోజు నుంచి దీపం వెలిగించినంత నిష్ఠగా రోజూ ఒకసారి ముల్లు చూసేది.

మే నెలలో కళాశాలకు సెలవులు. కానీ తప్పిన పిల్లలకు సప్లిమెంటరీ పరీక్షల శిబిరం నడుస్తోంది, కెమిస్ట్రీ చెప్పడానికి ఆమె తప్ప ఎవరూ లేరు. అందుకే ఆమె జైనూర్‌లోనే ఉండిపోయింది.

ఆనాడు మధ్యాహ్నం పడమటి నుంచి గాలిదుమారం లేచింది. రెండు గంటలకు పది నిమిషాల ముందు రాగులపేటలో కరెంటు పోయింది. ఊరి బయట ఏడు స్తంభాలు పడిపోయాయని అరగంటలో తెలిసింది. యంత్రం ఆగగానే దేవవ్వ పక్కింటి ఆటో నడిపే అంతయ్యను కేకేసింది. అతడు సిలిండర్‌ను గోడ దగ్గర నుంచి దొర్లించుకొచ్చి మంచం పక్కన నిలబెట్టి, తాళంతో వాల్వు విప్పి, గొట్టం తగిలించాడు. సరిగ్గా రెండు గంటలైంది. దేవవ్వ ముల్లు చూసి కూతురికి ఫోను చేసింది. తండ్రికి నిమిషానికి నాలుగు లీటర్లు కావాలని మమతారాణికి తెలుసు. తల్లి చెప్పిన మాటలు ఆమెకు తరువాత అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"పన్నెండు మీదికి రాలే బిడ్డా, ఒక్క గీత ఈవల్నే ఉంది. సిలిండర్ నిప్పు లెక్క కాలుతుంది, చెయ్యి పెట్టరాకుంట ఉంది. అంతయ్య గుడ్డ కట్టుకొని పట్టుకొచ్చిండు."

మమతారాణి అరచేతి మీద పెన్నుతో వేసింది. పన్నెండు దగ్గర నూట ఇరవై అయిదు, ఒక గీత తక్కువ, అంటే నూట ఇరవై. పది లీటర్ల సిలిండర్. పదితో హెచ్చవేస్తే పన్నెండు వందల లీటర్లు. నాలుగుతో భాగిస్తే మూడు వందల నిమిషాలు. సరిగ్గా అయిదు గంటలు. ఏడు గంటల దాకా ఫికర్ లేదు.

అంతయ్య మాత్రం ఇప్పుడే మెట్‌పల్లి ఆసుపత్రికి తీసుకుపోదామన్నాడు. అప్పటికి వడగండ్లు మొదలయ్యాయి. దారిలో కొమ్మలు విరిగి పడుతున్నాయి. కైలాసం తల అడ్డంగా ఊపాడు. కుదుపుకు తన ఊపిరి ఆగుతుందని ఆయన భయం. ఏం చేయాలని దేవవ్వ మళ్లీ ఫోను చేసింది. మమతారాణి నిమిషం ఆలోచించి తేల్చి చెప్పింది. ఆరింటికల్లా కరెంటు ఇస్తామని లైన్‌మెన్ అంటున్నాడట, ఆగండి. రాకపోతే ఆరుంబావుకు బయలుదేరండి. నలభై నిమిషాల దారి. ఏడింటికి ముందే ఆసుపత్రిలో ఉంటారు. నేను ఇప్పుడే బస్సెక్కుతున్నా.

కైలాసానికి ఫోను చెవి దగ్గర పెట్టారు. గొట్టంతో మాట్లాడటం కష్టమే అయినా ఆయన ఒక్క మాట అన్నాడు.

"ఎన్ని గంటలొచ్చిందే?"

"అయిదు, బాపు."

"నాకూ గంతే వచ్చింది," అన్నాడు. ఆయనకు ఏమీ రాలేదు, ఆ లెక్క ఆయనకు తెలియదు. ఓడిపోవడం ఇష్టం లేక అన్నాడు. అదే వాళ్లిద్దరి చివరి మాట.

కరెంటు రాలేదు. ఆరుంబావుకు అంతయ్య ఆటోలో వెనక సీటు మీద కైలాసాన్ని భార్య ఒడిలోకి ఆనించి, సిలిండర్‌ను కాళ్ల దగ్గర నిలబెట్టి బయలుదేరారు. పడిన చింతకొమ్మను చుట్టుకొని పోవాల్సి వచ్చినా, పెద్దగా ఆలస్యమేమీ కాలేదు. అయితే ఆసుపత్రికి ఇంకా ఆరేడు కిలోమీటర్లు ఉందనగా గొట్టంలో సుయ్యిమనే చప్పుడు ఆగిపోయింది. అంతయ్య ఆటో ఆపి, తాళం తిప్పి చూసి, ఫోనులో టైము చూశాడు. ఆరు ముప్పై ఎనిమిది. ఏడు కావడానికి ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది. ఆ ఇరవై రెండు నిమిషాల సంగతి ఆ తరువాత అతడు కనబడిన ప్రతివాళ్లకూ చెప్పాడు. ఆసుపత్రికి చేరేసరికి ఆరు యాభై అయిదు. కైలాసంలో ఊపిరి లేదు. ఆ ఊపిరితిత్తులకు రేపో మాపో ఇది తప్పేది కాదని డ్యూటీలో ఉన్న డాక్టరు అన్నాడు. అది నిజమే కావచ్చు. రేపు అన్నది ఆ ఇంట్లో ఎవరికీ తక్కువ విషయం కాదు.

జైనూర్ నుంచి ఉట్నూరు, ఖానాపూర్ మీదుగా బస్సులు మారుతూ వచ్చిన మమతారాణి ఏడున్నరకు ఆసుపత్రి మెట్లెక్కింది. తండ్రి ముఖం చూసింది. తరువాత తల్లి వైపు తిరిగి, ఆ స్థితిలో అడగకూడని ప్రశ్న అడిగింది. ముల్లు సరిగ్గా ఎక్కడుంది అవ్వా?

దేవవ్వ ముఖంలో ఆ క్షణాన కలిగిన మార్పును ఆమె గమనించలేదు. ముసలి కళ్లలో అనుమానం అప్పుడే నాటుకుంది. మూడో రోజుకు అది మొలకెత్తి, వాగు ఒడ్డున మాటగా బయటపడింది.

మమతారాణి మేనత్తకు, అంటే కైలాసం చెల్లెలికి, నోరు మంచిది కాదు. పిట్ట ముట్టిన రోజు సాయంత్రమే వాకిట్లో కూచొని, వచ్చినవాళ్ల ముందు వదినెను దులిపేసింది. పలక పట్టనోళ్లకు మీటర్లెందుకు, మా అన్న పానం మీద పలకాబలపం ఆడినట్టాయె అంది. దేవవ్వ అన్నం ముందు పెట్టుకొని మెతుకులు లెక్కపెట్టినట్టు చూస్తూ కూచుంది. ఆనాటి నుంచి ఆమె గోడ మీది గడియారం చూడటం మానేసింది. టైము ఎంతైంది అని వాడకట్టు పిల్లలను అడగసాగింది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. అయిదో రోజున మమతారాణి మూడు రోజుల కోసం జైనూర్ వెళ్లక తప్పలేదు. మరుసటి రోజు శిబిరంలో సాంద్రత లెక్కలు మిగిలి ఉన్నాయి. బల్ల మీద మూడు గళ్లు గీసి, ప్రశ్న చదివింది. ఒక మూసిన పాత్రలో ఆక్సిజన్ ఉంది, ఇరవై ఏడు డిగ్రీల దగ్గర దాని పీడనం ఇంత, పాత్రను నూట ఇరవై ఏడు డిగ్రీలకు వేడిచేస్తే పీడనమూ సాంద్రతా ఏమవుతాయి? మూసిన పాత్ర కనుక లోపలి వాయువు ద్రవ్యరాశి మారదు, పాత్ర కొలత మారదు, కాబట్టి సాంద్రతా మారదు. పీడనం మాత్రం పెరుగుతుంది. ముల్లు పెరిగినంత మాత్రాన లోపల ఎక్కువ ఉన్నట్టు కాదు అని చెప్తూ, మొదటి గడిలో ఇచ్చినవి రాస్తోంది. పీడనం రాసింది. ఉష్ణోగ్రత అని రాసి, అక్కడ ఆగింది.

నిప్పు లెక్క కాలుతుంది బిడ్డా.

సుద్దముక్క బల్లకు ఆనే ఉంది. పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఆమెకు ఆ మాట తల్లి గొంతుతో, వెనక దుమారం హోరుతో సహా వినబడింది. తల్లి ఆ రోజు రెండు సంగతులు చెప్పింది. రెండూ ఇచ్చినవే. తాను ఒకటే రాసుకుంది. రెండోదాని చోట ఎవరూ ఇవ్వని ఇరవై ఏడును వేసుకుంది, వేసుకున్నట్టు కూడా తెలియకుండా.

ఆమె పక్కన చిన్నగా వేసింది. చెయ్యి పెట్టలేనంత వేడి అంటే యాభై అనుకుందాం. మూడు వందల ఇరవై మూడు. నూట ఇరవైని మూడు వందలతో హెచ్చవేసి, మూడు వందల ఇరవై మూడుతో భాగిస్తే నూట పదకొండు పైచిలుకు. దుమారం తరువాత గది చల్లబడి, సిలిండర్ చల్లబడి, ముల్లు ఎక్కడికి దిగాలో అక్కడికే దిగింది. పదకొండు వందల పద్నాలుగు లీటర్లు. నాలుగుతో భాగిస్తే రెండు వందల డెబ్బై ఎనిమిది నిమిషాలు. నాలుగు గంటల ముప్పై ఎనిమిది. రెండు గంటలకు కలిపితే ఆరు ముప్పై ఎనిమిది.

అది అంతయ్య ఫోనులో చూసిన టైము.

జంగుబాయి లేచి, మేడమ్, జవాబు ఇంకా పూర్తి కాలేదంది. మమతారాణి పూర్తిచేసింది. పీడనం విలువ రాసి, కింద గీత గీసి, గంట కొట్టేదాకా నిలబడి, స్టాఫ్ గదికి వెళ్లి కుర్చీలో కూచుంది. తల్లి చూపు తప్పు కాదు. లెక్క తప్పు. రెండున్నరకే బయలుదేరమని చెప్పి ఉంటే, ఆ వడగండ్లలో ఎంత నెమ్మదిగా పోయినా నాలుగింటికల్లా చేరేవాళ్లు. కనీసం ఆరుంబావు బదులు అయిదున్నర అన్నా సరిపోయేది. ఎలా వేసుకున్నా తన దగ్గరికే వస్తోంది.

ఎనిమిదో రోజున ఆమె రాగులపేటకు తిరిగివచ్చింది. సంచిలో కళాశాల ప్రయోగశాల నుంచి అడిగి తెచ్చుకున్న థర్మామీటరు ఉంది. ఆ సాయంత్రమే తల్లిని ఒంటరిగా కూచోబెట్టుకొని అంతా చెప్పింది. నీ కళ్లు సరిగ్గానే చూశాయి అవ్వా, నేనే తప్పు లెక్క వేసిన అంది. దేవవ్వ ఓపికగా విని, కూతురి తల నిమిరింది.

"నన్ను సముదాయించనీకి చెప్తున్నవు. పిట్ట అబద్ధమాడుతదా బిడ్డా?"

మమతారాణి ఎన్ని విధాల చెప్పినా ఆ మాట దగ్గరే ఆగింది. సమీకరణం తల్లికి తెలియదు. పిట్ట తెలుసు. తెలిసినదాన్ని కాదనాలంటే కళ్లకు కనబడేది ఏదైనా కావాలి.

పడమటి గోడ దగ్గర రెండో సిలిండర్ ఉంది. ముందే చెప్పిపెట్టిన ఆ సిలిండర్ దుమారం వెళ్లిన మరునాడు వచ్చింది, ఒక రోజు ఆలస్యంగా. దాన్ని తిరిగి పంపాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది. తొమ్మిదో రోజు తెల్లవారుజామున, చల్లగా ఉండగానే, మమతారాణి దానికి మీటర్ బిగించి తల్లిని పిలిచింది. తాను మాత్రం వెనక్కి తిరిగి నిలబడింది. నేను చూడను, నువ్వే చూసి చెప్పు అంది. దేవవ్వ రానంది. ఆ మీటర్ మొఖం మళ్లీ చూడనంది. కూతురు అక్కడే అలా నిలబడి ఉండటంతో చివరికి వచ్చింది. పన్నెండు దాటి మూడు గీతలని చెప్పింది. మాటతో ఊరుకోలేదు. మగ్గం దగ్గర నుంచి తెల్లటి పోగు ఒకటి తెంపి, వేలితో గంజి అద్ది, ముల్లు ఉన్న చోట అద్దం మీద నిలువుగా అతికించింది. అది మమతారాణికి తట్టని ఉపాయం.

థర్మామీటరు సిలిండర్‌కు ఆనించి చూస్తే ముప్పై ఉంది.

మధ్యాహ్నం రెండింటికి ఇద్దరూ మళ్లీ వచ్చారు. గోడ సెగలు కక్కుతోంది. థర్మామీటరు యాభై దగ్గర నిలిచింది. దేవవ్వ వంగి, చేతులు కళ్లకు అడ్డం పెట్టుకొని మీటర్ చూసింది. చాలాసేపు చూసింది. ముల్లు పోగును దాటి రెండు గీతలు పైకి పోయి ఉంది.

"ఎవ్వలు గాలి పోయలే గదా?"

"పోయలే అవ్వా. లోపల పొద్దున ఎంత ఉందో గంతే ఉంది. ఎండకు ముల్లొక్కటే పెరిగింది."

దేవవ్వ మళ్లీ చూసింది. రెండు గీతలను వేలితో అద్దం మీద తడిమింది. సాయంత్రం చల్లబడేదాకా అక్కడ నుంచి కదలలేదు. నీడ పడి, గోడ చల్లారి, ముల్లు మెల్లగా వెనక్కి వస్తూ వస్తూ తెల్లపోగు కిందికి చేరేసరికి పొద్దు వాలింది. అప్పుడు ఆమె లేచి, గోడకు ఆనుకొని, కూతురి వైపు చూడకుండా అంది.

"కాలుతుందని చెప్పిన గదా నీకు."

"చెప్పినవు అవ్వా."

దేవవ్వ ముఖంలో తేలికపడిన గుర్తు కోసం మమతారాణి వెతికింది. ఇన్ని రోజుల భారం దిగినందుకు ఒక్క నిట్టూర్పైనా వస్తుందనుకుంది. రాలేదు. తన కళ్ల మీద నుంచి దిగిన బరువు ఎవరి మీదికి పోతోందో ఆ తల్లికి అప్పటికే తెలిసిపోయింది. ఆమె గోటితో పోగును అద్దం మీద నుంచి జాగ్రత్తగా ఊడదీసి, ఉండ చుట్టి, చీర చెంగున ముడివేసుకుంది.

రేపు పదో రోజు, వాగు దగ్గర మళ్లీ పిట్టకు పెడతారు కదా, అందరి ముందూ నేను చెప్తా అంది మమతారాణి. దేవవ్వ వెంటనే తల అడ్డంగా ఊపింది.

"నాది కండ్లు గానోళ్ల తప్పు, ఎవ్వలైనా మాఫ్ జేస్తరు. నీది సదువుకున్నోళ్ల తప్పు. దాన్ని ఎవ్వలు మాఫ్ జెయ్యరు. రేపు నీ కాడ పిల్లలు సదువుకోవాలె. గా మాట నోట్లెకెల్లి రానీయకు."

పదో రోజు ఎండ ఇంకా ఎక్కువగా ఉంది. విస్తరి పరిచారు. అన్నం, కూర, కల్లు, బెల్లం చాయ్. కాకులు అదే తుమ్మచెట్టు మీద ఉన్నాయి. అందరూ వెనక్కి జరిగారు. చాలాసేపు గడిచినా ఏదీ దిగలేదు. తమ్ముడు మళ్లీ మగ్గాల మాట ఇచ్చాడు, చెల్లెలు మళ్లీ పెళ్లి మాట ఇచ్చింది. ఇంకేం మిగిలిందో అని ఆమే గొణిగింది. ఏం మిగిలిందో మమతారాణికి తెలుసు. ఒక అడుగు ముందుకు వేసింది.

పక్క నుంచి దేవవ్వ చెయ్యి ఆమె మణికట్టును పట్టుకుంది. నలభై ఏళ్లు నూలు కండెలు చుట్టిన చెయ్యి, విడిపించుకోవడం తేలిక కాదు. కూతురు నోరు తెరిచేలోపు తల్లి గొంతు లేచింది. మూడో రోజు అన్న మాటలే, అదే వరుసలో, ఒక్క అక్షరం తేడా లేకుండా అంది. ముల్లు నేనే జూసిన. తప్పు జూసిన. నా కండ్లు మోసం జేసినయి.

ఆ మాట అబద్ధమని ఆ ఒడ్డున ఇద్దరికే తెలుసు. కాకులు చెట్టు మీదే ఉన్నాయి. ఒకటి రెక్కలు సర్దుకొని తల తిప్పుకుంది. గంట చూశారు. చివరికి పెద్దమనుషులు, ఇక లాభం లేదు, ఆవుకు పెట్టండన్నారు. విస్తరి ఎత్తి ఆవు ముందు పెట్టారు. జనం తలా ఒక మాట అనుకుంటూ ఊరివైపు కదిలారు.

మమతారాణి ఒకసారి వెనక్కి తిరిగి చెట్టును చూడబోయింది. తల్లి చూడనివ్వలేదు. వాగు దాటి, ఇసుక దాటి, తారు రోడ్డు ఎక్కేదాకా దేవవ్వ ఆ మణికట్టును వదలలేదు.